సెంటు కాదు, అత్తరు

తాండూరు బజారులో అత్తరు దుకాణం వాళ్ల కోడలికి అత్తరు పడదంటే ఎవరికైనా నవ్వొస్తుంది. నాకూ వచ్చేదే, ఊపిరి ఆడితే. మా వైపు దమ్ము అన్న మాటకు రెండు అర్థాలు. దమ్మున్న మనిషి అంటే ఎవరికీ భయపడని మనిషి. దమ్మున్న మనిషి అంటే ఆయాసం జబ్బు మనిషి కూడా. నాకు రెండో రకం దమ్ము కావలసినంత ఉండేది. మొదటి రకం దమ్ము ఒక్క పూటకైనా ఉండి ఉంటే ఇన్నేళ్లు బాధపడేదాన్ని కాదు.

ఇప్పుడు బాగున్నాను. బావిలో నీళ్లు నేనే తోడుకుంటున్నాను, రాత్రుళ్లు పడుకునే నిద్రపోతున్నాను. ఒకప్పుడు గోడకు దిండు ఆనించి కూర్చుని నిద్రపోయేదాన్ని. ఇది రాయడానికి మాత్రం చాలా సిగ్గుగా ఉంది. అయినా నాలాగే సిగ్గుపడి నోరు మూసుకున్న ఆడవాళ్లు ఎక్కడో ఒకచోట ఉండే ఉంటారని రాస్తున్నాను.

మా ఇంట్లో మాట్లాడేది ఉర్దూ. నేను చదివింది వికారాబాదులో తెలుగు బడి, ఏడో తరగతి దాకా. రాయడం వచ్చిన భాష అదొక్కటే. అందుకని ఇంట్లో అనుకున్న మాటలను కూడా మేము బజారులో మాట్లాడే తెలుగులోకి మార్చి రాశాను.

1969

ఆ ఏడాది నా పెళ్లయింది. వికారాబాదు నుంచి తాండూరుకు రైలులో వచ్చాను. మా మామగారిది చిన్న మడిగె. చెక్క అరల్లో చిన్నచిన్న సీసాలు, ఒక గద్దె, గద్దె మీద తెల్లటి బట్ట. బయట బోర్డు మీద దుకాణం పేరు, దాని పక్కన "అస్లీ అత్తర్", అంటే అసలైన అత్తరు అని, ఉర్దూలో, కింద తెలుగులో రాయించాడు. గులాబి, వట్టివేరు, చందనం, తొలకరి మట్టి వాసన వేసే అత్తరు ఒకటి. అన్నీ బట్టీ పెట్టి, ఉడికించి ఆవిరి పట్టి తీసినవి. ఖరీదు ఎక్కువ కాబట్టి ఆయన చుక్కల లెక్కన అమ్మేవాడు. కొన్నవాళ్లు కూడా చుక్క లెక్కనే వాడుకునేవాళ్లు.

ఆయన ప్రతి గిరాకి చేతి వెనుక ఒక చుక్క రాసి, జానెడు దూరం నుంచి వాసన చూడమనేవాడు. మగవాళ్లకైతే చిన్న దూది ఉండను ముంచి చెవి మడతలో పెట్టేవాడు. దాన్ని ఫాయా అంటారు. మా ఆయన చెవిలో కూడా ఎప్పుడూ ఒక ఫాయా ఉండేది. దుకాణానికి బోర్డు ఎంతో, మనిషికి ఫాయా అంతే అనేవాడు. కొత్త పెళ్లికూతురిగా నాకు ఆ వాసన చాలా నచ్చింది. ఆయన గల్లీ మలుపు తిరిగితే తలుపు తీయక ముందే తెలిసిపోయేది.

ఇది ఎందుకు చెప్తున్నానంటే, ఆ మూడేళ్లలో నాకు తుమ్ము కూడా రాలేదు.

1972 నుంచి

మా మున్నీ పుట్టిన మరుసటి ఏడు మామగారు పోయారు. దుకాణం మా ఆయన చేతికి వచ్చింది. అప్పటికే బట్టీ అత్తరు కొనేవాళ్లు తగ్గారు. చుక్క ధర చెప్పగానే జనం నవ్వి లేచిపోయేవాళ్లు. అప్పుడు రేకు డబ్బాల్లో నూనెలు రావడం మొదలైంది. మూత తీస్తే గల్లీ అంతా గులాబి. ఆ డబ్బా నూనెలో ఏ వాసనా లేని ఇంకో నూనె కలిపి, సీసాల్లో పోసి అమ్మేవాడు. కలిపే పని మా ఇంటి వెనక గదిలోనే. నేను సీసాలు కడిగి, ఆరబెట్టి, మూతలు బిగించేదాన్ని. బోర్డు మాత్రం మామగారిదే ఉంది. మార్చాలన్న ఆలోచన మాకెవరికీ రాలేదు. అత్తరు దుకాణంలో ఉన్నది అత్తరే కదా.

మొదట కళ్లు వాచేవి. తర్వాత తలనొప్పి. తర్వాత ఎవరో ఛాతీ మీద బండ పెట్టి కూర్చున్నట్టు ఉండేది. శ్వాస లోపలికి పోతుంది, బయటికి రాదు. ఈల వేసినట్టు చప్పుడు. పక్కింటి వాళ్లకు వినబడుతుందేమోనని నోటికి కొంగు అడ్డం పెట్టుకునేదాన్ని. జబ్బుకంటే ముందు నాకు వచ్చింది సిగ్గే.

తాండూరులో ఎవరికి దగ్గొచ్చినా తప్పు బండలదే. ఊరి చుట్టూ బండల గనులు, ఊళ్లో పాలిష్ మిషన్లు. తెల్లటి దుమ్ము చెట్ల మీద, గోడల మీద, దండెం మీది బట్టల మీద ఉంటుంది. నన్ను దుల్హన్, అంటే కోడలా, అని పిలిచే మా అత్తగారు కూడా అదే అంది.

"దుల్హన్, గిది బండల దుమ్ము. మన ఊరి గాలి నీకు అలవాటు లేదు. కిడికీలు బంద్ పెట్టు."

కిటికీలు మూశాం. ఆ వెనక గదిలో, రేకు డబ్బాల పక్కన, కిటికీలు మూసుకుని నేను సీసాలు కడిగేదాన్ని. మా ఆయనకు నా మీద ప్రేమ లేదని ఎవరూ అనుకోవద్దు. నాకు ఊపిరి ఆడని రోజు ఆయన ఇంట్లో ఉన్నదాంట్లో మంచి గులాబి తీసి నా దిండు మీద రెండు చుక్కలు వేసేవాడు. గుండెకు హాయిగా ఉంటుందని. నేను దిండు తిప్పేసేదాన్ని. ఆయన చూడకుండా తిప్పేదాన్ని, మనసు నొచ్చుకుంటాడని.

తాండూరులో కొత్తగా వచ్చిన డాక్టరు దగ్గరికి మా అత్తగారు తీసుకుపోయింది. ఆయన మంచివాడే. అన్నీ అడిగాడు. పిల్లి ఉందా, పొయ్యి పొగ ఉందా, పరుపులో దూది పాతదా. చివరికి అడిగాడు.

"ఇంట్ల ఎవరన్న సెంటు కొట్టుకుంటరా అమ్మా?"

నేను ఏ ఆలోచనా లేకుండా చెప్పాను. "లేదు సార్. మా ఇంట్ల సెంటు ముట్టరు."

మా అత్తగారు ఇంకా గట్టిగా చెప్పింది. "మాది నమాజీల ఇల్లు డాక్టర్ సాబ్. సెంటును గడప తొక్కనియ్యం."

అబద్ధం కాదు. మా ఇళ్లల్లో సెంటు వేరు, అత్తరు వేరు. సెంటు అంటే బుస్సుమని కొట్టుకునే సీసా. అందులో స్పిరిట్ ఉంటుంది, అది ఒంటి మీద ఉంటే నమాజుకు పనికిరాదని మా పెద్దల మాట. అత్తరు అలా కాదు. అది పాకీజా, అంటే పవిత్రం, శుక్రవారం పూసుకుని మసీదుకు పోయేది. ఆ రెండింటినీ ఒక్క మాటలో అడుగుతారని మాకు తట్టనే తట్టదు. మీ ఇంట్లో సారా తాగుతారా అని అడిగితే మజ్జిగ సంగతి ఎవరు చెప్తారు? డాక్టరు గది నిండా ఇంజెక్షన్ల స్పిరిట్ వాసన కాబట్టి సరిపోయింది గానీ, లేకపోతే మా అత్తగారి కొంగే ఆయనకు సంగతి చెప్పేసేది. ఆయన కూడా బండల దుమ్మే అన్నాడు.

ఆ ఒక్క ప్రశ్న దగ్గర నేను తప్పిపోయిన దారికి మళ్లీ రావడానికి నాలుగేళ్లు పట్టింది.

1976

నేను బాగా చిక్కిపోయాను. దగ్గుకు తోడు చిక్కిపోతే మనుషులు ఒకటే అనుకుంటారు. నా గ్లాసు వేరే పెట్టారు. ఎవరూ చెప్పలేదు, ఒకరోజు చూస్తే అది వేరే అరలో ఉంది. మున్నీని నా పక్కన పడుకోనివ్వలేదు.

వికారాబాదు గాలి మంచిదని మా వైపు అందరూ అంటారు. గుట్ట మీద క్షయ జబ్బు దవాఖాన కూడా అందుకే కట్టారని చెప్పుకుంటారు. మా ఆపా, అంటే మా అక్క, వికారాబాదులోనే ఉంటుంది. గాలి మార్పుకని నన్నూ మున్నీనీ అక్కడికి పంపారు. రైలులో నా పక్కన ఒకామె మల్లెపూల నూనె రాసుకుని కూర్చుంది. ధారూరు రాకముందే నాకు మొదలైంది. ఎదురుగా కర్ణాటక వైపు నుంచి వస్తున్న ఒక ముసలామె చూసింది. కిటికీ దగ్గర తన చోటు వదిలి లేచి, చేత్తో చూపించి "ఇల్లి కూడ్రి" అంది. ఇక్కడ కూర్చోమని. తర్వాత వికారాబాదు దాకా నిలబడే వచ్చింది. నేను ఆమెకు థాంక్స్ కూడా చెప్పలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను.

గుట్ట మీద దవాఖానలో ఎక్స్‌రే కోసం కూర్చున్న రోజు బాగా గుర్తుంది. పొడుగాటి వరండా, బెంచీలు, చెట్ల గాలి. అక్కడ అందరూ దగ్గేవాళ్లే కాబట్టి ఎవరూ ఎవరినీ చూడరు. నా పక్కన దోమ అనే ఊరి నుంచి వచ్చిన ఒక చిన్న పిల్ల, కొత్తగా పెళ్లయినట్టుంది, జడలో మల్లెపూలు పెట్టుకుంది. నాకు దమ్ము వస్తుందని భయపడి జరిగి కూర్చున్నాను. ఆ పిల్ల ముఖం చిన్నబుచ్చుకుంది. తనకు క్షయ ఉందని నేను జరిగానని అనుకుంది. చెప్పబోయి ఎలా చెప్పాలో తెలియక ఊరుకున్నాను. విచిత్రం ఏమిటంటే ఆ పూలకు నాకేమీ కాలేదు. మల్లెపూలు పడతాయి, మల్లెపూల నూనె పడదు అన్న సంగతి నాకు అప్పుడే తెలియాల్సింది. తెలియలేదు.

ఎక్స్‌రేలో క్షయ లేదన్నారు. ఆపా ఆ సాయంత్రం తన గ్లాసులోనే నాకు చాయ్ ఇచ్చింది. నేను తాగుతూ ఏడ్చాను.

ఆపా ఇంట్లో నాకు రోజురోజుకూ నయమైంది. బట్టల సబ్బుతోనే స్నానం, తలకు కొబ్బరినూనె, వాళ్లది పొదుపు ఇల్లు. అందరూ గాలి మహిమ అన్నారు. అయితే శుక్రవారం వచ్చేసరికి మా ఆయన దుకాణం కట్టేసి రైలెక్కి వచ్చేవాడు. చెవిలో ఫాయా, చేతిలో సంచి. సంచిలో ఆపా పిల్లలకు సబ్బు, పౌడరు, ఆపాకు ఒక సీసా. ఆయన వచ్చిన గంటకు నాకు దమ్ము. ఆయన వెళ్లిన మరునాటికి తగ్గేది.

మనుషులకు కళ్లు ఉంటాయి. ఆపా అత్తగారు పక్కింటామెతో అంటుంటే నేను లోపలి నుంచి విన్నాను.

"మొగుడు వస్తెనే దమ్ము వస్తున్నది. పోతె పోతున్నది. గిదేం బీమారి?"

"పిల్లకు గాలి సోకిందేమో." పక్కింటామె అంది.

మంచి గాలి కోసం పంపితే చివరికి గాలి సోకిందన్నారు. అది కాకపోతే ఇంకో మాట, మొగుడితో కాపురం ఇష్టంలేక ఆడుతున్న నాటకం. రెండో మాట నన్ను చంపేసింది. నాకు నా మొగుడంటే ఇష్టం. అది పది మంది ముందు చెప్పే మాటా? చెప్పినా ఈల వేసే ఛాతీతో ఎవరు నమ్ముతారు?

ఆ మాటలు ఆయన చెవిలో కూడా పడ్డాయి. ఒక శుక్రవారం ఆయన లోపలికి రాలేదు. వరండాలో కూర్చుని తలుపు ఇవతల ఉన్న నన్ను అడిగాడు.

"రహీమా, నిజం చెప్పు. నేను పడనా నీకు?"

"పడకపోవుడు ఏంది అజీ" అన్నాను. అనడం పూర్తి కాకముందే దగ్గు వచ్చింది. ఆయన దగ్గు ఆగేదాకా చూసి, సంచి గడప దగ్గర పెట్టి, స్టేషనుకు వెళ్లిపోయాడు.

1977

ఆ వానాకాలం ఆయన చాలా రోజులకు వచ్చాడు. స్టేషను నుంచి నడిచి వస్తుంటే కుండపోత. నెత్తి నుంచి కాళ్ల దాకా తడిసి వణుకుతూ వచ్చాడు. సంచి తేలేదు. ఫాయా వానకు ఎక్కడో పడిపోయింది. ఆపా వేడినీళ్లు పెట్టింది. మా బావ, దూలా భాయి అంటాం, తన లుంగీ, అంగీ ఇచ్చాడు. ఆయన అవి కట్టుకుని పొయ్యి దగ్గర కూర్చున్నాడు. ఆ అంగీ పొట్టిగా ఉండి పొట్ట కనబడుతుంటే మున్నీ నవ్వింది. నేనూ నవ్వాను. నవ్వి, నవ్వు ఆగాక కూడా నాకు దగ్గు రాలేదు.

ఆ రాత్రి మున్నీ మా ఇద్దరి మధ్యన పడుకుంది. నాకు దమ్ము రాలేదు. పొద్దున ఆయన తన ఆరిన బట్టలు వేసుకుని, కోటు జేబులోంచి చిన్న సీసా తీసి, దూది ముంచి చెవిలో పెట్టుకుని మసీదుకు పోయి వచ్చాడు. తిరిగి వచ్చి నా పక్కన కూర్చున్న కాసేపటికి నేను మంచం పట్టె పట్టుకుని వంగిపోయాను.

అప్పుడు తెలిసింది నాకు. ఎవరూ చెప్పకుండానే తెలిసింది. ఆపాకు కూడా తెలిసినట్టుంది, ఆయన చెవి వైపు చూసి తల తిప్పుకుంది. ఆయనకు మాత్రం మేమిద్దరమూ ఏమీ చెప్పలేదు.

ఆపా నన్ను వికారాబాదులో ఇంకో డాక్టరు దగ్గరికి తీసుకుపోయింది. ఆ వెయిటింగ్ గదిలో కూర్చున్నంతసేపూ ఆపా ఒకటే మాట చెప్పింది. "ఈసారి అంత చెప్పు. దాచిపెట్టకు." నేను దేన్నీ దాచలేదని, నన్నెవరూ సరిగ్గా అడగలేదని అనుకుంటూ కూర్చున్నాను.

ఆ డాక్టరు కూడా సెంటు సంగతే అడిగాడు. నేను మళ్లీ లేదన్నాను. ఆపా నా మోచేతిని పొడిచింది. డాక్టరు అది చూశాడు.

"మీ ఆయన ఏం పని చేస్తడమ్మా?"

"దుకాణం సార్."

"ఏం దుకాణం?"

"అత్తర్లది."

ఆయన రాస్తున్న పెన్ను ఆపాడు. "మరి సెంటు లేదంటివి?"

"సెంటు కాదు సార్. అత్తరు."

ఆయన నవ్వలేదు. నవ్వినా బాగుండేది. "ముక్కుకు ఆ తేడా తెల్వదమ్మా" అన్నాడు మెల్లగా. తర్వాత అడిగాడు. "పాత పద్ధతిల బట్టీ పెట్టి తీసిందా, డబ్బాలల్ల వచ్చే మందు నూనెనా, అదే కెమికల్‌దా?"

వెనక గదిలో డబ్బాల వరస నా కళ్ల ముందుకు వచ్చింది. మూతలు బిగించింది నేనే. అయినా నేను అన్న మాట ఇది. "అస్లీదే సార్. మా మామ కాలం నుంచి బోర్డు ఉన్నది."

ఆపా నన్ను చూసిన చూపు ఇప్పటికీ నా ఒంటి మీద ఉంది. డాక్టరు ఏదైనా సరే, అత్తరు, పౌడరు, వాసన సబ్బు, వాసన నూనె, అగరుబత్తీ ఏదీ నా దగ్గరికి రానివ్వొద్దన్నాడు. మాత్రలు కూడా రాసిచ్చాడు. మాత్రలతో పని తక్కువ, జాగ్రత్తతో పని ఎక్కువ అన్నాడు.

ఈ సంగతి మా ఆయనకు దూలా భాయి చెప్పాడు. నేను తలుపు వెనక ఉన్నాను. వినగానే ఆయన గొంతు మారింది.

"అస్లీ అత్తరుకు ఎవరికి దమ్ము రాదు భాయ్. మా అబ్బా జిందగీ అంత అమ్మిండు. మా అమ్మీకి రాలే, నాకు రాలే. డాక్టరు నాది నఖలీ మాల్ అంటున్నడా?"

ఆయన తలుపు వైపు తిరిగి నన్ను అడిగాడు. "అన్నడా?"

"అనలే" అన్నాను.

అప్పుడు నాకు అర్థమైంది. నాకు దమ్ము ఎందుకొస్తున్నదో ఒప్పుకుంటే ఆయన అమ్మేది అస్లీది కాదని ఒప్పుకున్నట్టే. తాండూరులో తండ్రి సంపాదించిన పేరు మీద బతుకుతున్న మనిషి. నా ఊపిరి కావాలంటే ఆ పేరు పోవాలి. ఆయన్ని అడిగే ధైర్యం నాకు లేదు, చెప్పే ధైర్యం ఆయనకు లేదు.

1978, ఆ తర్వాత

తాండూరుకు తిరిగి వచ్చాను. మున్నీని బడిలో వేయాలి, ఎన్నాళ్లని ఆపా ఇంట్లో ఉంటాను. మా ఆయన మాటల్లో ఏమీ చెప్పలేదు గానీ, దుకాణం నుంచి రాగానే పెరట్లో స్నానం చేసి, బట్టలు అక్కడే విప్పి, వేరే బట్టలు కట్టుకుని లోపలికి వచ్చేవాడు. చలికాలంలో కూడా. ఎందుకని వాళ్లమ్మ అడిగితే చెమట అనేవాడు. డబ్బాలు వెనక గది నుంచి దుకాణానికి మారాయి. అదీ జాగా చాలక అన్నాడు.

ఏడాది తిరగకముందే దుకాణం మూశాడు. గిరాకి లేదన్నాడు. గిరాకి బాగానే ఉంది, అది గల్లీలో అందరికీ తెలుసు. బోర్డు దించి, గాజులు, దువ్వెనలు, అద్దాలు పెట్టాడు. చెవిలో దూది లేకుండా ఆయన కొత్త మనిషిలా ఉండేవాడు. ఆ అరల ముందు గాజులు సర్దుతుంటే ఆయన చేతులు పెద్దవిగా, మోటుగా కనబడేవి. చూడలేకపోయేదాన్ని.

తప్పు ఎవరి మీదికి వచ్చిందో చెప్పాలా? "మా దుల్హన్ నఖరాలకు మా ఆయన పెట్టిన దుకాణం బంద్ అయింది." మా అత్తగారు వచ్చినవాళ్లందరికీ ఇదే చెప్పేది. ఆమెకు తెలిసింది అంతే. వాళ్లబ్బాయి పక్కనే ఉండి విని, గాజుల పెట్టె తీసుకుని బయటికి పోయేవాడు. ఒక్కసారి కూడా అది కాదు అమ్మీ అనలేదు. నాకు కోపం వచ్చేది. ఆ కోపానికి వెంటనే సిగ్గుపడేదాన్ని, ఎందుకంటే ఆయన నా కోసమే కదా అన్నీ వదులుకున్నాడు.

జబ్బు అలా తగ్గింది. బతకడం మాత్రం సులువు కాలేదు. ఒంటికి శెనగపిండి, తలకు కుంకుడుకాయ, బట్టలకు వాసన లేని బిళ్ల సబ్బు. ఇంటి లోపల సంగతి సరే, ఇంటికి వచ్చే మనుషులను ఏం చేస్తాం? ఈద్ రోజు అందరూ గుండెలకు హత్తుకుంటారు. నేను వంటింట్లో పని ఉన్నట్టు దాక్కునేదాన్ని. పెళ్లిళ్లలో గడప దగ్గరే అత్తరు రాస్తారు. చెయ్యి వెనక్కి తీసుకుంటే అవమానించినట్టు. అందుకని పెళ్లిళ్లకు పోవడమే మానేశాను. తలనొప్పి, జ్వరం, కాలు బెణికింది అని చెప్పేదాన్ని. నాకు గర్వమని చుట్టాలు అనుకున్నారు.

అన్నిటికంటే మున్నీ మాట తగిలింది. ఒకసారి దాని బడి స్నేహితురాళ్లు ఇంటికి వచ్చారు, ముఖాలకు తెల్లగా పౌడరు వేసుకుని. నేను తలుపు దగ్గరే ముక్కు మీదికి కొంగు లాక్కున్నాను. వాళ్లు వెళ్లాక మున్నీ గోడ వైపు తిరిగి అంది. "అమ్మీ, నా దోస్తుల ముంగట ముక్కు మూసుకోకు. వాళ్ల దగ్గర ఏదో కంపు కొడ్తున్నట్టు ఉంటది." ఆ పిల్లకు సంజాయిషీ ఇవ్వాలంటే నాన్న అమ్మిన సరుకు సంగతి చెప్పాలి. "సరే బిడ్డా" అన్నాను.

1984

గాజుల దుకాణంలో మధ్యాహ్నం పూట నేనూ కూర్చోవడం మొదలుపెట్టాను. ఎండాకాలం, బజారు ఖాళీగా ఉంది. యాలాల్ నుంచి ఒక రైతు ఇంటి ముసలామె వచ్చింది. మా ఆయన్ని చూడగానే ముఖం విచ్చుకుంది.

"సాబూ, అత్తరు బంద్ చేసినవంట గద? మస్తు తిరిగిన నీ కోసం."

కొంగు ముడి విప్పి చిన్న సీసా తీసింది. సగం కన్నా తక్కువ ఉంది. నా చేతులతో మూత బిగించిన సీసాల్లో అదొకటి, చూడగానే గుర్తుపట్టాను.

"మా మనుమరాలికి దమ్ము ఉన్నది. చిన్న పోరి, కూసుంటె ఈల ఏస్తది. పాత అస్లీ అత్తరు కదా, ఇంట్ల దాచిపెట్టిన. రోజు పొద్దుమూకి జర ఛాతికి రాస్తున్నం. అయిపోవస్తున్నది. ఇంకో సీసా ఉంటె ఇయ్యి, నీ తాన తప్ప అస్లీది దొరుకదు."

లేదు అనేస్తే సరిపోయేది. ఇన్నేళ్లుగా అడిగిన వాళ్లందరికీ ఆయన చెప్పిన మాట అదే. లేదు, బంద్ చేసిన, గిరాకి లేకుండె. ఆమె వెళ్లిపోయేది. ఇంటికి పోయి, ఉన్నది ఆ పిల్ల ఛాతీకి రాసేది. ఆ పిల్ల ఎలా ఊపిరి తీస్తుందో ఆ దుకాణంలో తెలిసినదాన్ని నేను ఒక్కదాన్నే. నేను నోరు తెరవాలి. తెరవలేదు. గాజుల తట్టలో గాజులు లెక్క లేకుండా అటూ ఇటూ సర్దుతూ కూర్చున్నాను. చెప్తే ఆయన పేరు పోతుందని కాదు. ఆయన చెప్తాడేమో చూద్దామని కూర్చున్నాను. ఇన్నేళ్ల కోపం అక్కడ పని చేసింది, ఒక చిన్న పిల్ల ప్రాణం మీద. నేను అన్నిటికన్నా ఎక్కువ సిగ్గుపడేది దీనికే.

మా ఆయన ఆమె చేతిలోంచి సీసా తీసుకున్నాడు. మూత తీయలేదు.

"అమ్మా, ఇది అస్లీది కాదు."

ఆమెకు అర్థం కాలేదు. "గట్లనా? నీ దుకాణంల కొన్నదే సాబూ. నువ్వే ఇచ్చినవ్."

"నేనే ఇచ్చిన. అస్లీదని చెప్పి ఇచ్చిన. కాదు. మా అబ్బా పోయినంక అస్లీది నేను అమ్మనే లే. గిది మందు నూనె. పోరికి రాయకు. దీంతోటే దమ్ము పెరుగుతది." ఆయన నా వైపు చూపించాడు. "ఈమెకు గదే అయింది. నేనే చేసిన. వాసన సబ్బు, పౌడరు, బత్తీలు, ఏది పోరి దగ్గర పెట్టకు. డాక్టరుకు చూపియ్యి. సెంటు ఉన్నదా అని అడిగితె అత్తరు ఉండె అని చెప్పు."

ఆమె ఆయన్ని చూసింది, నన్ను చూసింది. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. "పెద్ద సాబు పేరు చూసి కొన్న" అని ఒక్క మాట అంది. సీసా అడగకుండానే మెట్లు దిగి వెళ్లిపోయింది. బస్సు దొరికిందో లేదో, ఆ పిల్లకు ఎలా ఉందో మాకు తర్వాత తెలియలేదు.

అస్లీది కాదు అని ఆయన అన్న ఆ మాట కోసం నేను ఎన్నేళ్లు ఎదురుచూశానో నాకే తెలుసు. విన్నాక నా గుండె తేలికవుతుందనుకున్నాను. ఆయన తలవంచుకుని కూర్చుంటే నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. కాసేపటికి ఆయన మంచినీళ్లు అడిగాడు. ఇచ్చాను. సీసా ఎక్కడ పారేయాలో తెలియక ఊరి బయట గుంత తీసి పూడ్చి వచ్చాడు, నా దగ్గరికి రాకముందు చేతులు మట్టితో రుద్దుకుని మరీ కడుక్కున్నాడు.

ఆ తర్వాత ఆయన్ని ఆ మాట ఇంకెవరి ముందూ చెప్పనివ్వకూడదని నాకు అనిపించింది. మున్నీకి నేనే చెప్పాను. అది చాలాసేపు విని, వాళ్ల నాన్న పక్కన పోయి కూర్చుంది. మా అత్తగారికి కూడా చెప్పాను. ఆమె నమ్మలేదు, చనిపోయేదాకా నమ్మలేదు. ఇప్పుడు పెళ్లిళ్లకు పోతున్నాను. గడప దగ్గర చేతులు వెనక్కి పెట్టుకుని, నాకు పడదు, మనసులో పెట్టుకోవద్దు అంటాను. ఆ మాట అనేటప్పుడు ముఖం ఇంకా వేడెక్కుతుంది.

పోయిన నెల ఇది రాయాలనుకుంటున్నానని ఆయనతో అన్నాను. మనలాంటి ఇళ్లల్లో ఎవరికైనా పనికొస్తుందని అన్నాను. ఆయన గాజులకు దారం కడుతూ విన్నాడు.

"రాయి" అన్నాడు. "దుకాణం పేరు గూడ రాయి. మా తాన కొన్నోళ్లు ఇంకా దాచుకోని ఉంటరు."

అన్నీ రాశాను. ఆ పేరు రాయడం మాత్రం నా చేత కాలేదు.